కోటగిరి (ఇంటిపేరు)

కోటగిరి తెలుగువారిలో కొందరి ఇంటిపేరు. నిజామాబాదు జిల్లాలో బోధన్ సమీపాన గల ఒక మండల కేంద్రానికి కూడా ఇదే పేరు.

వ్యుత్పత్తి

కోట, గిరి అను రెండు పదముల కలయికచే ఏర్పడినది. కోట గల కొండ అని అర్థము. గిరి సంస్కృత పదము. తమిళనాడులోని నీలగిరి జిల్లాలోనూ కోటగిరి అను పట్టణం ఉన్నది కాని, ఆ పేరులోని "కోట" అక్కడి కోత అను గిరిజన తెగను సూచించునది. రాతలో పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక ఒకటే అనుకొనరాదు.

ఊరి పేరు ఇంటిపేరు అగుట

తెలుగు ఇంటిపేర్లలో అనేకం ఊళ్ళ పేర్లే. ఘంటసాల, నిడుమోలు ఇందుకు ఉదాహరణలు. సొంత ఊరిలో ఉన్నవానిని ఆ ఊరి పేరుతో పిలువవలసిన అవసరం లేదు, అందరిదీ ఆ ఊరే కదా! వేరొకచోటికి తరలిన తరువాతనే "ఫలానా ఊరివారు" అను గుర్తు ఏర్పడి, క్రమంగా ఇంటిపేరుగా స్థిరపడును. కనుక ఇటువంటి ఇంటిపేరు చాలావరకు పూర్వీకులు విడిచి వచ్చిన ఊరిని తెలుపును. ఇటలీలో రొమానో (రోమ్‌వాడు) వంటి ఇంటిపేర్లు పుట్టిన తీరు కూడా ఇదే.

బోధన్ ప్రాంతం దీనికి మంచి నిదర్శనం. 1931లో నిజాంసాగర్ పూర్తయిన పిదప కోస్తా జిల్లాల రైతులు ఇక్కడికి వలస వచ్చిరి. వారి ఆవాసములను నేటికీ "క్యాంపు"లనే అంటారు. వారి ఇంటిపేర్లలో కోస్తా గ్రామముల పేర్లు వినవచ్చును. సరిహద్దుకు ఆవల మరాఠీవారు ఊరి పేరుకు "కర్" చేర్చి వ్యక్తి పేరు చివర పెట్టగా, తెలుగువారు ఏ ప్రత్యయమూ లేకుండా ముందు పెట్టుదురు. ఈ వరుస తెలియనివారు దరఖాస్తులలో ఇంటిపేరును, అసలు పేరును తారుమారు చేయుట పరిపాటి. పొడి అక్షరంగా "కె." అని రాసినచో అది కోటగిరియో, కొండపల్లియో తెలియదు.

ఒకే ఇంటిపేరు వేర్వేరు కులములలో ఉండవచ్చును. కావున కోటగిరివారందరూ ఒక్క వంశమువారనుట గాని, అందరూ నిజామాబాదు జిల్లా కోటగిరి నుండి వచ్చినవారే అనుట గాని సరికాదు. పెళ్ళి సంబంధములలో ఇంటిపేరుతో పాటు గోత్రమును కూడా విచారించుట ఇందువలననే.

ప్రముఖులు

ఈ ఇంటిపేరు గలవారిలో సినిమా ఎడిటర్ కోటగిరి వెంకటేశ్వరరావు సుప్రసిద్ధుడు. మగధీర (2009), బాహుబలి (2015) ఈయన కూర్చిన చిత్రములే. కోటగిరి విద్యాధరరావు చింతలపూడి శాసనసభ్యునిగా, రాష్ట్ర మంత్రిగా పనిచేసెను. ఈయన కుమారుడు కోటగిరి శ్రీధర్ 2019లో ఏలూరు నుండి లోక్‌సభకు ఎన్నికై 2024 వరకు సభ్యునిగా ఉండెను.