విమాన దూరం లెక్క: పుట్టుపూర్వోత్తరాలు

రెండు విమానాశ్రయాల మధ్య భూమి ఉపరితలం వెంబడి ఉండే అతి దగ్గరి దారి పొడవే విమాన దూరం. గ్లోబు మీద ఆ రెండు ఊళ్లకూ దారం బిగించి లాగితే కనిపించే వంపు దారి అది. దాన్ని మహావృత్త చాపం అంటారు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు, భూమి వ్యాసార్ధం తెలిస్తే ఆ పొడవు లెక్క కట్టవచ్చు.

ఈ గణితానికి మూలం జ్య. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే జ్యాపట్టిక ఇచ్చాడు. ఆ మాటే అరబ్బుల నోట మారి, లాటిన్‌లోకి వెళ్లి 'సైన్' అయింది. మన ఉత్క్రమజ్యలో (1 నుంచి కొసైన్ తీసివేయగా మిగిలేదానిలో) సగమే ఈ దూరాల సూత్రంలో వాడే హావర్‌సైన్. 1835లో జేమ్స్ ఇన్‌మన్ నావికుల కోసం రాసిన పుస్తకంలో దానికి ఆ పేరు పెట్టాడు. ఓడల కోసం పుట్టిన ఆ సూత్రమే తర్వాత విమానాలకూ పనికొచ్చింది.

ఇక వ్యాసార్ధం తెలియాలంటే భూమిని కొలవాలి. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే ఆ పని చేసింది. రెండున్నర అడుగుల ఉక్కు కడ్డీలు 40 కూర్చిన 100 అడుగుల గొలుసుతో నేల మీద ఆధారరేఖ కొలిచేవారు. అక్కడి నుంచి కొండ మీద నుంచి కొండకు కోణాలు చూస్తూ త్రిభుజాలు అల్లేవారు. గుత్తి దగ్గర 1811లో, బీదర్ దగ్గర 1815లో ఆధారరేఖలు కొలిచారు. ఆ రెంటినీ కలిపిన త్రిభుజాల వరుస 78 డిగ్రీల రేఖాంశాన్ని అంటిపెట్టుకుని పాలమూరు పీఠభూమి మీదుగా సాగింది. 77.7 డిగ్రీల దగ్గరున్న కోస్గి పట్టణం ఆ దారికి చేరువలోనే ఉంది.

లాంబ్టన్ వారసుడు జార్జ్ ఎవరెస్ట్ 1830లో భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధాన్ని సుమారు 6,377.28 కి.మీ.గా తేల్చాడు. నేటి జీపీఎస్ వాడే విలువ 6,378.137. తేడా కిలోమీటరు కూడా లేదు. ధ్రువాల దగ్గర భూమి కొంత నొక్కుకుపోయిన సంగతినీ లెక్కలోకి తీసుకుని, దూరాన్ని మిల్లీమీటరు దాకా చెప్పే పద్ధతిని 1975లో విన్సెంటీ ప్రచురించాడు.

కోస్గి వాళ్లు విమానమెక్కేది హైదరాబాద్ విమానాశ్రయమున్న శంషాబాద్‌లో. అక్కడి నుంచి షికాగోకు మహావృత్త దూరం సుమారు 13,280 కి.మీ. దిక్సూచిలో ఒకే దిక్కు పట్టుకుని పడమరగా పోతే దాదాపు 16,100 కి.మీ. అవుతుంది. దగ్గరి దారి ఉత్తరంగా బయలుదేరి 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి దిగుతుంది. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో ఈ రెండు నగరాల మధ్య ఆగకుండా వెళ్లే విమానం నడిపింది.

దూరాన్ని గంటకు 900 కి.మీ. వేగంతో భాగిస్తే పద్నాలుగు ముప్పావు గంటలు వస్తుంది. పైకి ఎక్కడానికీ, కిందికి దిగడానికీ పట్టే సమయం, ఎదురుగాలి, మూసిన గగనతలాల చుట్టు తిరుగుడు కలిస్తే అది 16 గంటలు దాటవచ్చు. చివరిగా గడియారాల తేడా చూడాలి. చలికాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరి 16 గంటలు ప్రయాణిస్తే అక్కడ అదే రోజు సాయంత్రం ఐదున్నర అవుతుంది. వేసవిలో తేడా పదిన్నర గంటలే కాబట్టి అది ఆరున్నర అవుతుంది.