సేంద్రియ సౌర ఘటాలు

సిలికాన్‌కు బదులు కర్బన అణువులతోనో పాలిమర్లతోనో సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చే సాధనాలు సేంద్రియ సౌర ఘటాలు. వీటి చరిత్రను సామర్థ్యపు రికార్డుల వరసగా చెప్పడం పరిపాటి. అది సగం కథే. సిలికాన్ తయారీకి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి కావాలి. ద్రావణంలో కరిగే పాలిమర్‌నైతే సిరాలా ప్లాస్టిక్ మీద అచ్చు వేయవచ్చు. ఈ రంగాన్ని నడిపించిన ఆశ చవకదనమే కాబట్టి ప్రతి రికార్డునూ ఖర్చుతో కలిపి తూచాలి.

1986లో ఈస్ట్‌మన్ కోడాక్‌లో చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పొరలను ఒకదానిపై ఒకటి పరిచి దాదాపు 1 శాతం సామర్థ్యం చూపారు. అంతకు మించి సాగకపోవడానికి కారణం పదార్థంలోనే ఉంది. కాంతి పడగానే పుట్టే ఎక్సిటాన్, అంటే విడిపోని ఎలక్ట్రాన్–రంధ్రాల జంట, సుమారు 10 నానోమీటర్లు కదిలేలోపే నశిస్తుంది. కాంతిని బాగా పీల్చాలంటే మాత్రం పొర 100 నానోమీటర్ల మందమైనా ఉండాలి. 1995లో అలన్ హీగర్ బృందం పాలిమర్‌నూ ఫుల్లరీన్ అనే కర్బన అణువునూ ఒకే పొరలో కలగలిపి ఈ చిక్కు విప్పింది. జంట ఎక్కడ పుట్టినా, అది విడిపోయే చోటైన రెండు పదార్థాల సరిహద్దు దగ్గరలోనే ఉంటుంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదే. అయితే ఫుల్లరీన్ ఖరీదైనది, దృశ్యకాంతిని అంతంతమాత్రంగానే పీల్చేది. దాని స్థానంలోకి చైనా పరిశోధకులు 2015లో ఐటీఐసీని, 2019లో 15.7 శాతం ఇచ్చిన వై6 అణువును తెచ్చారు. ఇప్పుడు ప్రయోగశాల రికార్డులు 20 శాతాన్ని తాకాయి.

ఈ ఎదుగుదలకు మూల్యం సంశ్లేషణలో పెరిగిన దశలు. దశ పెరిగిన కొద్దీ దిగుబడి తగ్గి, గ్రాము ధర ఎక్కుతుంది. అందుకే 2018లో యోంగ్‌ఫాంగ్ లీ బృందం రెండే దశల్లో తయారుచేసి, 12 శాతం దాటించిన పీటీక్యూ10 పాలిమర్ పెద్ద రికార్డులకు తీసిపోదు. పైపొర, తీగలు, బిగింపు కూలి వైశాల్యాన్ని బట్టి పడతాయి గనుక సామర్థ్యం తక్కువైతే చవక పదార్థమూ గిట్టదన్న అభ్యంతరం సబబే. కానీ అది సామర్థ్యానికి ఒక కనీస హద్దు పెడుతుందే తప్ప, ఆ హద్దు దాటాక గ్రాము ధరను పట్టించుకోనక్కర్లేదని చెప్పదు. సిలికానే చవకయ్యాక ఇవెందుకన్నది రెండో ప్రశ్న. బరువు మోయలేని రేకుల కప్పులు, వంపు గోడలు, గదిలోని దీపాల వెలుగు సిలికాన్ పలకలకు అనువైనవి కావు; వీటి అవసరం అక్కడే. మన్నిక విషయంలో మాత్రం విమర్శకులదే పైచేయి: ఆక్సిజన్, తేమ, అతినీలలోహిత కిరణాలు ఈ పదార్థాలను త్వరగా చెడగొడతాయి. అచ్చు ఘటాలను మార్కెట్‌కు తెచ్చిన అమెరికా సంస్థ కొనార్కా 2012లో దివాలా తీసింది. నేటికీ అత్యధిక రికార్డులు చదరపు సెంటీమీటరు కూడా లేని ఘటాలపై కొలిచినవే.