డబ్బు తక్కువున్నప్పుడు కొత్త సరుకు పదిమందికీ ఎలా తెలుస్తుంది? అమృతాంజనం చెప్పే పాఠం



ఈ మధ్య మన గుమ్మిడిపూండిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మనవాళ్లు కొందరు సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నారు. పచ్చళ్లు అమ్మేవాళ్లున్నారు, చీరలు అమ్మేవాళ్లున్నారు, సిప్‌కాట్ కంపెనీలకు చిన్న చిన్న సామాన్లు చేసి ఇచ్చేవాళ్లున్నారు. చాలా సంతోషం. కానీ సైట్ చేయించేసరికే చేతిలో ఉన్నది కాస్తా అయిపోతుంది. ఆ తర్వాత నగ కుదువ పెట్టి తెచ్చిన డబ్బు ఫోన్ ప్రకటనల్లో పది రోజుల్లో కరిగిపోతే, అంగడి నిలదొక్కుకోకముందే మూతపడుతుంది. అందుకే ఈసారి మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఒక మందు చరిత్ర రాస్తున్నాం.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. కలకత్తాలో మందుల వ్యాపారం నేర్చుకుని బొంబాయి చేరారు. 1893లో అక్కడే అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు.

అప్పటికి రేడియో లేదు, సినిమా లేదు. ఊరు చూస్తే మరాఠీ, గుజరాతీ మాట్లాడేవాళ్లది. ఈయన తెలుగువాడు. పేరు తెలియని మందును డబ్బిచ్చి ఎవరు కొంటారు? అప్పుడు పంతులుగారు సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు అమృతాంజనం ఊరికే పంచిపెట్టారు.

ఇందులోని తెలివి చూడండి. కచేరీ అంటే గంటల తరబడి కూర్చోవాలి. తల నొప్పి పుడితే మందు అక్కడికక్కడే పరీక్షకు నిలుస్తుంది. ఒకరు నుదుటికి రాసుకుంటే ఆ ఘాటు పక్కవాళ్లకూ తగులుతుంది. "ఏమిటండీ అది?" అని వాళ్లే అడుగుతారు. అలా అడిగించుకున్న సరుకుకు వేరే ప్రకటన దేనికి? పైగా పంచిన చోటు కూడా ఆలోచించి ఎంచుకున్నదే. బజారులో దారినపోయే ప్రతివాడికీ పంచితే సరుకు అయిపోతుంది తప్ప గిరాకీ రాదు. అవసరం ఉన్నవాళ్లు, మళ్లీ కొనగలిగినవాళ్లు ఒకేచోట కూడే సమయం చూసి పంచారు.

ఆ తర్వాత 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా మొదలైంది. 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. పత్రిక పెట్టింది దేశం కోసమే. అయినా తెలుగు ఇళ్లకు అమృతాంజనం పేరు చేరడానికి అదీ ఒక దారి అయింది. మందు మీద వచ్చిన డబ్బు పత్రికను నిలబెట్టింది. తర్వాత 1924లో 'భారతి' మాసపత్రిక వచ్చింది, ఆంధ్ర గ్రంథమాల పుస్తకాలూ వచ్చాయి. జనం ఆయన్ని విశ్వదాత అన్నారు, దేశోద్ధారక అన్నారు. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. మైలాపూరు లజ్ దగ్గర ఆయన పేరుతో ఉన్న పార్కును మనలో చాలామంది చూసే ఉంటారు.

వరస గమనించండి. ముందు మంచి సరుకు, తర్వాత అది జనం చేతికి అందడం, పత్రిక వచ్చింది పదిహేనేళ్ల తర్వాత. మనం తలకిందులుగా చేస్తున్నాం. ముందు సైట్, తర్వాత ప్రకటన, చిట్టచివర సరుకు.

ఇది పాతకాలం మాట అనుకోకండి. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ గారు 15,000 రూపాయలతో చిక్ షాంపూ వ్యాపారం మొదలుపెట్టారు. ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెచ్చిస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితం అన్నారు. అక్కడా సరుకే చేతికి అందింది, మాట తర్వాత పాకింది.

ఇక మన ఊరి సంగతి. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మారింది. సత్యవేడు అటు వెళ్లింది, తిరుత్తణి ఇటు వచ్చింది, మనం ఇక్కడే ఉన్నాం. గీత మారినా చుట్టరికాలు మారలేదు. ఆరంబాక్కం దాటితే తడ, ఆపైన సూళ్లూరుపేట. అంటే మన గిరాకీ రెండు రాష్ట్రాల్లో, రెండు భాషల్లో ఉంది. చాలామంది దీన్ని ఇబ్బంది అనుకుంటారు. మేము దీన్ని పెట్టుబడి అంటాం.

కాబట్టి ఖర్చు లేని పనులు ముందు చేయండి. గూగుల్ మ్యాప్‌లో అంగడి పేరు నమోదు చేయడానికి రూపాయి అక్కర్లేదు. సైట్‌లో సరుకు పేరు, ఊరి పేరు తెలుగులో, తమిళంలో, ఇంగ్లీషులో మూడింటా రాయండి. మన ఊరి పేరునే ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు, వెతికేవాళ్లూ అలాగే వెతుకుతారు. వాట్సాప్ బిజినెస్‌లో ధరలతో సహా సరుకుల పట్టిక పెట్టండి, అదీ ఉచితమే.

ఉన్న కొద్ది డబ్బును మాదిరి ప్యాకెట్లకు పెట్టండి. పచ్చడైతే ఒక చెంచాడు చాలు. ప్యాకెట్ మీద సైట్ పేరు, స్కాన్ చేసే కోడ్ ఉండాలి. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు తప్పనిసరి. సిప్‌కాట్‌లో షిఫ్టు మారే వేళ, సెంట్రల్ నుంచి సాయంత్రం లోకల్ దిగే వేళ, పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో ఇవ్వండి. మన కచేరీలు అవే. వంద ప్యాకెట్లు ఇస్తే ఎంతమంది మళ్లీ అడిగారో నోటుపుస్తకంలో రాసుకోండి. ఎవరూ అడగకపోతే లోపం సైట్‌లో లేదు, సరుకులో ఉంది. ఆ మాట వంద ప్యాకెట్ల ఖర్చుతోనే తెలిసిపోవడం మంచిది, నగ పోయాక కాదు.

మాదొక ప్రతిపాదన. వచ్చే ఉగాది కలయికలో కొత్తగా వ్యాపారం పెట్టిన ప్రతి సభ్యుడికీ, సభ్యురాలికీ సంఘం తరఫున ఒక బల్ల ఉచితంగా ఇద్దాం. మాదిరి సరుకు వాళ్లు తెస్తారు, రుచి చూసి నిజం చెప్పే పని మనది. ఒప్పుకునేవాళ్లు ఈ నెల కూటంలో పేర్లు ఇవ్వండి.