గింజకో చట్టం, పూతకో చట్టం

ఈ సంక్రాంతికి మా ఊరు నర్సీపట్నం వెళ్ళినప్పుడు జరిగిన సంగతి. డాలస్ నుంచి వచ్చిన మా బావ, అమ్మ మోకాళ్ళ నొప్పులకని ఒక క్రీము డబ్బా తెచ్చాడు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మూత మీద ఆకు బొమ్మ చూసి, "ఏట్రా ఇది, గంజాయాకు కదూ?" అంది. "కాదత్తా, ఇది హెంపు. సీబీడీ ఉంటాది, నొప్పులకి మంచిదట" అన్నాడు బావ. చింతపల్లి రోడ్డు మీద బస్సు ఆపి సంచులు వెతకడం ఎన్నోసార్లు చూసిన మనిషి మా అమ్మ. డబ్బా ముట్టుకోలేదు.

ఇద్దరిలో ఎవరు కరెక్టో తేలుద్దామని కూర్చుంటే, వ్యవహారం నూట ఎనభై ఏళ్ళు వెనక్కి వెళ్ళింది.

ముందు పేర్ల గొడవ. హెంపు అంటే మన పేపర్లు జనపనార అని రాసేస్తాయి. జనపనార గోనెసంచుల సరుకు, వేరే మొక్క. పచ్చిరొట్టకి వేసే జనుముని ఇంగ్లీషులో సన్ హెంప్ అంటారు, అదీ వేరే. మన భీమిలి పేరు మీద బిమ్లిపటం జూట్‌గా ప్రపంచానికి తెలిసిన గోగునార ఇంకోటి. దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కన్నాబినస్. ఆకు గంజాయాకులా చీలి ఉంటుందని ఆ పేరొచ్చింది. గోంగూర పచ్చడి తినేవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, పోలిక ఆకు ఆకారంలో మాత్రమే :)

క్రీము డబ్బా మీది హెంపు మాత్రం కన్నాబిస్ సటైవా. అంటే గంజాయి మొక్కే. రెండూ ఒకటే జాతి. మత్తు కోసం ఎంచి పెంచిన రకాల్లో టీహెచ్‌సీ ఎక్కువ, నారకీ గింజకీ పెంచిన రకాల్లో అది బాగా తక్కువ. కాబట్టి అమ్మ కరెక్టే. బావ కూడా కొంత కరెక్టే.

ఈ మొక్కని పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసింది మన దేశంలో పనిచేసిన డాక్టరే. 1839లో కలకత్తాలో విలియం ఓషానసీ అనే ఆయన గంజాయి సారాన్ని ధనుర్వాతం రోగుల మీదా, ఫిట్స్ వచ్చిన ఒక పసిపాప మీదా వాడి, ఫలితాలు రాశాడు. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ సీబీడీని విడదీశాడు. 1963లో ఇజ్రాయెల్‌లో మెకూలం బృందం దాని నిర్మాణం తేల్చింది, 1964లో టీహెచ్‌సీది కూడా. 2018లో అమెరికా ఎఫ్‌డీఏ సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్ మందుని ఆమోదించింది. దేనికి? పిల్లల్లో వచ్చే అరుదైన రకం ఫిట్స్‌కి. కలకత్తా నుంచి అక్కడికి రావడానికి 179 ఏళ్ళు పట్టింది. మోకాళ్ళ నొప్పులకీ, ముడతలకీ మాత్రం అలాంటి ఆమోదం ఏదీ లేదు.

ఇక చట్టం కథ. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్న లేస్తే, ఇక్కడి ప్రభుత్వం ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేసింది. 1,193 మంది సాక్షులని విచారించి, 1894లో రిపోర్టు ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు, లైసెన్సు పెట్టి పన్ను వేస్తే చాలు అన్నది సారాంశం. ఖజానా కూడా నిండుతుంది కదా! ఆకు భాంగు, ఆడమొక్క పూత గంజాయి, జిగురు చరస్ అని మన జనం వాడుకలో ఉన్న విభజననే ఆ రిపోర్టూ పట్టుకుంది.

1961 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోకీ ఆ గీత వచ్చింది. పూతే నేరం. పూత లేకుండా విడిగా ఉన్న గింజా, ఆకూ ఆ నిర్వచనంలోకి రావు. మనం ఆ ఒప్పందాన్ని అమలు చేస్తూ 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం తెచ్చుకున్నప్పుడు ఇదే నిర్వచనం రాసుకున్నాం. హోలీ భాంగు బతికి బయటపడింది దానివల్లే. గింజల నూనె తప్పు కానిదీ, "విజయ ఆకు సారం" పేరుతో ఆయుర్వేద లైసెన్సు మీద మందులు అమ్మగలిగేదీ దానివల్లే. కానీ సీబీడీ గింజలో దాదాపు ఉండదు. ఎక్కువగా ఉండేది పూతలో. ఆ పూతనుంచి తీసిన సారం మన చట్టం పరిధిలోకి వచ్చేస్తుంది.

ఇంత చదివాక డబ్బా వెనక్కి తిప్పాను. కోడులో డిపెండెన్సీలు చూసినట్టే, ఇందులో ఏముందో ఒక్కొక్కటీ చూడాలన్నమాట. పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాస్తారు, ఒక శాతం లోపువి ఎలాగైనా రాయొచ్చు. మొదట ఆక్వా, అంటే నీళ్ళు. తర్వాత గ్లిజరిన్, చర్మంలో తేమ నిలపడానికి. సెటైల్ ఆల్కహాల్, పేరుకి ఆల్కహాల్ గానీ మైనంలాంటిది, క్రీము చిక్కగా ఉండటానికి. ఫినాక్సీఇథనాల్, బూజు పట్టకుండా. మెంథాల్. చివర్లో కన్నాబిస్ సటైవా సీడ్ ఆయిల్.

సీడ్ ఆయిల్! గింజల నూనె. కన్నాబిడియాల్ అన్న మాట ఎక్కడా లేదు. లినోలియిక్ ఆమ్లం ఎక్కువున్న మంచి నూనే, పొడి చర్మానికి పనికొస్తుంది. కానీ బావ డబ్బులు పెట్టింది సీబీడీ అనుకుని. పోనీ, సీబీడీ అని రాసి ఉన్నా నమ్మకం ఏమిటి? 2022లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో, సీబీడీ మోతాదు రాసి ఉన్న 89 పైపూత ఉత్పత్తులని పరీక్షిస్తే 21 మాత్రమే లెక్కకి సరిపోయాయి.

రాసుకోగానే చల్లగా అనిపించేది మెంథాల్ వల్ల. అది మన అమృతాంజనంలోనూ ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు దాన్ని బొంబాయిలో మొదలుపెట్టిందీ 1893లోనే, హెంప్ కమిషన్ వేసిన ఏడే.

నవ్వొచ్చే చోటు అంతవరకే. 2021 చివర్లో మన్యంలో పోలీసులు "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, కనీసం పదేళ్ళ కఠిన శిక్ష, బెయిలు మహా కష్టం. కొండ దిగేటప్పుడు దొరికేది పెట్టుబడి పెట్టినవాడు కాదు, చాలాసార్లు కూలికి మూట మోసిన కుర్రాడు. ఆ గంజాయి మంచిదని నేననను. కాలేజీ పిల్లలు దానికి ఎలా పాడవుతున్నారో మా ఊళ్ళోనూ చూస్తున్నాం. కానీ అదే ఆకు బొమ్మ డాలస్‌లో అమ్మకానికి ఆకర్షణ, లంబసింగి ఘాట్‌లో అరెస్టుకి కారణం. చట్టం నారకీ గింజకీ సాగుని అనుమతించే వీలు 1985లోనే ప్రభుత్వాలకి ఇచ్చింది. ఉత్తరాఖండ్ 2018లో ఆ దారి పట్టింది. మన కొండల మీద ఆ చర్చయినా సరిగ్గా జరగలేదు. కాఫీ, మిరియాలు వేసుకోమన్నాం. మంచిదే, కానీ ఆ మొక్కలు కాపుకొచ్చేదాకా ఆ ఇల్లు గడిచేదెలా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

మా ఇంట్లో మాత్రం కేసు కొట్టేశాం. "ఇందులో గంజాయీ లేదు, నువ్వు చెప్పిన మందూ లేదు బావా" అన్నాను. అమ్మ ఆ మాట విని, అలమరలోంచి పసుప్పచ్చ సీసా తీసి మోకాలికి రాసుకుంది.