మన సేవ, మన చరిత్ర - 6: లబ్ధిదారు ఎవరు?



పీహెచ్‌డీకి ముందు రెండేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థలో పనిచేసిన. ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో మక్తల్, ఊట్కూర్ దిక్కు జోగిని స్త్రీలను కలిసి ఫారాలు నింపుడు నా పని. బస్సు దిగితే ఒక పెద్దమ్మ నన్ను వాడలోకి తోలుకపోయేది. తానూ జోగినిగా బతికిన మనిషే. ఎవరి బిడ్డను దేవునికి విడుస్తున్నరో ముందే పసిగట్టి, ఆ ఇంటి గడపల కూసునేది.

నాకు నెల జీతం. ఆమెకు మీటింగు రోజు బస్సు కిరాయి. రిపోర్టులో నేను 'ఆర్గనైజర్', ఆమె 'లబ్ధిదారు'. ఆ గడి నింపింది నా చెయ్యే.

"నా పేరు ఏడ రాసినవ్ బిడ్డా?" అని అడిగింది ఒకనాడు. చెప్పిన. "నాకేం లబ్ధి అయింది?" అన్నది.

ఈ పని ప్రాజెక్టులతో మొదలు కాలేదు. నిజాం ఏలుబడిలో, 1906లో, భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో జగన్మిత్ర మండలి పెట్టిన్రు. హరికథలతో వాడలను కూడగట్టిన్రు. 1911లో అది మాన్య సంఘమైంది. బడులు పెట్టుడు, కల్లు మాన్పించుడు, జోగిని ఆచారాన్ని ఎదిరించుడు, అన్నీ మనవాళ్లే ఎత్తుకున్న పనులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ, జోగిని నిషేధ చట్టం వచ్చింది 1988లో. అంటే సంఘం పుట్టిన 77 ఏళ్లకు.

ప్రాజెక్టు అయిపోయింది. నేను యూనివర్సిటీకి పోయిన. పెద్దమ్మ, ఆమె పని వాడలోనే ఉన్నయి.

ఎన్జీవోలల్ల చేరే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరి పేరు ఏ గడిలో రాస్తున్నరో చూసుకోండి. రేపటి చరిత్రకు అదే ఆధారం.

జై భీమ్.