పల్చబడిన మిశ్రమం – ఒక కార్బురేటర్ చరిత్ర

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో 2020కి ముందు కొన్న మోటార్‌సైకిల్ ఉందా? ఇంజను వేడెక్కిన తరువాత కూడా చోక్ తీస్తే ఆగిపోతోందా? యాక్సిలరేటర్ తిప్పితే ఒక్క క్షణం తడబడి, వదిలితే సైలెన్సర్‌లో టపటపమంటోందా? అయితే ఇంజనుకు కావలసినదానికంటే పెట్రోలు తక్కువగానో, గాలి ఎక్కువగానో అందుతూ ఉండవచ్చు. అలాంటి మిశ్రమాన్ని పల్చని మిశ్రమం లేదా లీన్ మిశ్రమం అంటారు. దీని మూలం తెలియాలంటే కార్బురేటర్ పుట్టుకను చూడాలి.

కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన మూడు చక్రాల బండిలో గాలి ఇంధనం ఉపరితలం మీదుగా సాగి ఆవిరిని కలుపుకునేది. చలిలో ఆవిరి తక్కువ, ఎండలో ఎక్కువ. కాబట్టి నిష్పత్తి చేతిలో ఉండేది కాదు. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్, హంగరీలో డోనాట్ బాంకి, యానోష్ చోంకా ఇంధనాన్ని సన్నని రంధ్రం గుండా గాలిలోకి చిమ్మే మార్గాన్ని చూపారు. ఆ రంధ్రమే జెట్.

దీని వెనుక ఉన్నది 1797లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి ప్రచురించిన పరిశీలన. గొట్టం ఇరుకైన చోట ప్రవాహ వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. ఇంజను పెట్రోలును లాగుతుందని మనం అనుకుంటాం. నిజానికి ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలును బయటి వాతావరణ పీడనమే జెట్‌లోకి నెడుతుంది. ఈ ఒక్క మాట అర్థమైతే సగం మరమ్మతు తెలిసినట్లే.

ఉదాహరణకు ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందనుకోండి. పెట్రోలు దిగిన చోటుకు గాలి రాదు, ప్రవాహం మందగిస్తుంది. బండి కొన్ని కిలోమీటర్లు పోయి ఆగుతుంది. మూత తీయగానే మళ్ళీ నడుస్తుంది! అలాగే కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టం పగిలితే, జెట్‌తో పని లేకుండానే గాలి లోపలికి దూరుతుంది. ఐడ్లింగ్ పెరిగి ఒకచోట నిలవదు. ఇంజను చల్లారాక ఆ రబ్బరును వంచి చూడండి, పగుళ్ళు బయటపడతాయి.

తడబాటు ఎప్పుడు వస్తోందో కూడా గమనించాలి. ఐడ్లింగ్‌లో అయితే పైలట్ జెట్, సగం తిప్పినప్పుడైతే సూది, పూర్తిగా తిప్పినప్పుడైతే మెయిన్ జెట్ అనుమానించదగినవి. నెలల తరబడి వాడని బండిలో ఎండిన పెట్రోలు జిగురు ముందుగా మూసేది పైలట్ జెట్‌నే. దానిలో తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనరుతో కడిగి, గాలి ఊదితే చాలు. పల్చని మిశ్రమంతో బండిని చాలాకాలం నడిపితే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. ఆయిలును పెట్రోలులోనే కలిపే పాత టూ స్ట్రోక్ బండ్లలో కందెన కూడా తగ్గి, పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.

అన్నీ శుభ్రంగా ఉన్నా లక్షణం పోకపోతే? ఇక్కడ చరిత్ర మళ్ళీ వస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆమ్లజని తనలోనే ఉన్న ఇథనాలుకు 9 కిలోలు చాలు. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాలు కలపడం ఆరంభమైంది. 2022 నాటికి దేశమంతటా సగటున 10 శాతానికి చేరింది. 20 శాతం కలిపిన పెట్రోలు 2023లో విడుదలైంది. దీనికి కావలసిన గాలి 13.5 కిలోలే. అంటే అంతే గాలికి సుమారు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. పాత జెట్ కొలత మాత్రం పాతదే. 1991లో వాహనాల పొగకు తొలి పరిమితులు వచ్చాక కార్బన్ మోనాక్సైడ్ తగ్గించేందుకు మిశ్రమాన్ని చిక్కగా ఉంచే వీలూ తగ్గింది. ఇప్పటికే పల్చగా అమర్చిన బండికి ఈ 9 శాతం భారమే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక కొత్త బండ్లు చాలావరకు ఇంజెక్షన్‌కు మారాయి. పాత బండికి మాత్రం మెకానిక్ మెయిన్ జెట్‌ను ఒక్క నంబరు పెంచి చూస్తాడు. లేదా సూది క్లిప్పును ఒక గాడి కిందికి దించుతాడు, అప్పుడు సూది పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. తరువాత స్పార్క్ ప్లగ్ తీసి చూడాలి. పింగాణీ తెల్లగా ఉంటే ఇంకా పల్చన, మసి పడితే మరీ చిక్కన, లేత గోధుమరంగయితే సరి. సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో నిలిచిపోయాక ఈ రంగులు అంత స్పష్టంగా పడవు. కొత్త ప్లగ్ బిగించి, కొన్ని కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపాక చూడటం మేలు.