వలందపాలెం నుంచి వలందాల ఊరికి

మా బందరులో వలందపాలెం అనే పేట ఒకటుంది. ఆ పేరుకు అర్థమేమిటని చిన్నతనంలో మేమెవ్వరమూ ఆలోచించిన పాపాన పోలేదు. పదిహేడో శతాబ్దంలో గోలకొండ సుల్తానుల అనుమతితో బందరులో వర్తకస్థానం పెట్టుకొన్న డచ్చివారిని మన పూర్వులు వలందాలనీ, ఒలందాలనీ పిలిచేవారని, ఆ పేట పేరు వారి గుర్తేనని కళాశాలలో చేరాక గానీ నాకు తెలియలేదు. వారి సమాధులు మాత్రం బాగా తెలుసు. ఆ పరిసరాల్లోనే అద్దె సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, అరపెడలు తొక్కుతూ నేను సైకిలు నేర్చుకొన్నాను. మోకాలి మీది మచ్చ ఇప్పటికీ ఉంది.

నాతోపాటే నేర్చుకొన్న మిత్రుడొకడు తొమ్మిదో తరగతిలో ఉండగా బెజవాడ రోడ్డు మీద లారీ కింద పడి పోయాడు. వీధి వీధంతా ఏడ్చింది. "వాడి ఆయుష్షు అంతవరకే రాసిపెట్టి ఉంది" అన్నారు పెద్దలు. మా అమ్మ నా సైకిలుకు తాళం వేసి, చెవిని బియ్యం డబ్బాలో దాచింది. నెల తిరిగాక తానే తీసి ఇచ్చింది. బడికి వేరే దారి లేదు మరి. ఆ రోడ్డు మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. రోడ్డును ఏమైనా చేయవచ్చునన్న ఊహ మాలో ఏ ఒక్కరికీ రాలేదు.

ఈ సంగతి ఇన్నేళ్ళ తర్వాత తవ్వుకోవడానికి కారణం, 2016లో ఉద్యోగరీత్యా ఆమ్‌స్టర్‌డామ్‌కు కాపురం మార్చవలసి రావడం. అంతకుముందు హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, బండ్ల రద్దీ మొదలుకాక ముందే ముప్ఫై నలభై కిలోమీటర్లు తొక్కి వచ్చేవాణ్ణి. సైకిలంటే ప్రాణమని చెప్పుకొనేవాణ్ణి. సైకిళ్ళ రాజధానికి పోతున్నాననగానే నా ఉత్సాహానికి అంతు లేకపోయింది.

తీరా వెళ్ళాక మొదటి వారమే గర్వభంగం జరిగింది. శిరస్త్రాణం పెట్టుకొని, బిగుతు దుస్తులు తొడుక్కొని బయలుదేరిన నన్ను, ముందు బుట్టలో కూరగాయలూ వెనుక పీట మీద మనవడూ ఉన్న ఒక పెద్దావిడ గంట మోగించి మరీ దాటిపోయింది. పాతసైకిలు ఒకటి కొన్నాను. దానికి చేతిబ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. మన అలవాటు ప్రకారం ఊరికే పెడలు వెనక్కి తిప్పబోయి నడివీధిలో ఉన్నపళాన ఆగిపోయి, వెనుక వస్తున్నవారి చేత చీవాట్లు తిన్నాను. ఏటా పన్నెండు నుంచి పదిహేను వేల సైకిళ్ళు అక్కడి కాలువల్లోంచి పైకి తీస్తారని విని రెండు తాళాలు కొన్నాను. డచ్చి భాషలో పందేల సైకిలు తొక్కేవాడికి ఒక మాట, మామూలుగా సైకిలు మీద పోయేవాడికి వేరొక మాట ఉన్నాయి. ఈ రెండోవాడు తనను సైకిలు ప్రియుడని అనుకోడు. మనం నడిచి అంగడికి వెళ్ళినప్పుడు నడక ప్రియులమని చెప్పుకొంటామా?

అయితే, మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి ఇంటికి రెండు కిలోమీటర్లు. తోటి పిల్లలు సైకిళ్ళ మీద వస్తున్నారు; అందులో కొందరు ఒంటరిగానే. తానూ వెళ్తానని అమ్మాయి పట్టుబట్టింది. సైకిలంటే ప్రాణమనే నేనే వద్దన్నాను. "నువ్వు తొక్కొచ్చు గానీ నేను తొక్కకూడదా నాన్నా?" అని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. నా కళ్ళ ముందు బెజవాడ రోడ్డు ఉంది.

ఒకనాడు ఈ మాట పక్కింటి పెద్దావిడతో అన్నాను. మీరు పుట్టుకతోనే సైకిలు జాతి, మీకేం భయం అన్నాను. ఆవిడ నవ్వలేదు. "మా పిల్లల్ని చంపుతున్నారని వీధికి అడ్డంగా బల్లలు వేసుకొని కూర్చున్నవాళ్ళం మేము. ఇదంతా ఆకాశం నుంచి ఊడిపడిందనుకొన్నావా?" అంది. నాకీ చరిత్ర వెదకాలన్న బుద్ధి పుట్టింది ఆ సాయంత్రమే.

నెదర్లాండ్స్ పల్లపు దేశం, మన కృష్ణా డెల్టాలాగే. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో అక్కడ సైకిలు పేదా గొప్పా తేడా లేకుండా అందరి వాహనం. ఎంతగా అంటే, 1924లో ప్రభుత్వం దానిపై పన్ను వేసింది. పన్ను కట్టినవారికి లోహపు బిళ్ళ ఇచ్చేవారు. మన పురపాలక సంఘాలు కూడా ఒకప్పుడు సైకిలు పన్ను వసూలు చేసి బిళ్ళ ఇచ్చిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అక్కడ నిరుద్యోగులకు బిళ్ళ ఉచితం. కానీ దానికి మధ్యలో చిల్లు ఉండేది. మనిషి పేదరికం పదిమందికీ కనబడేటట్లు సైకిలుకు వేలాడేదన్నమాట. ఆ పన్నును 1941లో రద్దు చేశారు. చేసినది ఆక్రమించుకొని ఉన్న జర్మన్లు. ఆ మరుసటి ఏటి నుంచి సైకిళ్ళనే లాక్కోవడం మొదలుపెట్టినదీ వారే. నా సైకిలు నాకు తిరిగి ఇవ్వు అనేది జర్మన్లను ఆటపట్టించే మాటగా యుద్ధం ముగిసిన తర్వాత దశాబ్దాల పాటు డచ్చివారి నోట నిలిచిపోయింది.

యుద్ధానంతరం సంపద పెరిగింది. సంపదతోపాటు కార్లు వచ్చాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వాళ్ళు ధనికులు గనుక సైకిలు దారులు వేసుకోగలిగారని మనం అంటూ ఉంటాం. జరిగినది తలకిందులు. డబ్బు వచ్చిన కొత్తలో వాళ్ళు చేసిన పని సైకిలును తరిమివేయడం. కార్ల కోసం వీధులు వెడల్పు చేశారు, కూడళ్ళను కార్లు నిలిపే స్థలాలుగా మార్చారు. 1967లో డేవిడ్ యోకినెన్ అనే అమెరికన్ ప్రణాళికకర్త, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాలువను పూడ్చి వేగరహదారి వేయాలనీ, ద పైప్ అనే శ్రామికుల పేటలో చాలా భాగం కూల్చాలనీ ఒక పథకం ప్రకటించాడు. ఆ పథకం అమలు కాలేదు గానీ, అటువంటిది పెద్దమనుషుల చర్చకు వచ్చే రోజులవి.

ఎదురుగాలి వేయడం కూడా అప్పుడే మొదలైంది. 1965లో ప్రోవో అనే యువబృందం, లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్ అనే అతని ఆలోచన మేరకు, కొన్ని సైకిళ్ళకు తెల్లరంగు వేసి, తాళం లేకుండా వీధుల్లో వదిలింది. ఎవరైనా తీసుకోవచ్చు, పని కాగానే వదిలేయవచ్చు. తాళం వేయని సైకిలు వీధిలో వదలడం నేరమని పోలీసులు వాటిని పట్టుకుపోయారు. నేడు ప్రపంచమంతటా నగరాల్లో కనిపించే ఉమ్మడి సైకిళ్ళ పద్ధతికి మూలపురుషులు ఆ తెల్లసైకిళ్ళే.

కానీ దేశాన్ని కదిలించినది యువకుల చమత్కారం కాదు, తల్లిదండ్రుల శోకం. 1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పటి జనాభా కోటీ ముప్ఫై లక్షలు. చనిపోయినవారిలో ఒక పాప, విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడి కూతురు. ఆయన 1972లో ద టైడ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. దాని శీర్షిక, తెలుగులో చెప్పాలంటే, శిశుహత్యలు ఆపండి. ప్రమాదం అనలేదు, విధి అనలేదు, హత్య అన్నాడు. అదే పేరుతో ఒక ఉద్యమం పుట్టింది. దాని తొలి అధ్యక్షురాలు మార్త్యె వాన్ పుటెన్ అప్పటికి చిన్నవయసు తల్లి. తర్వాతి కాలంలో ఐరోపా పార్లమెంటు సభ్యురాలైంది. తల్లులు, పిల్లలు ప్రమాదస్థలాలలో బైఠాయించారు, వీధులు మూసి అక్కడే పిల్లల చేత ఆటలాడించారు, బల్లలు వేసి భోజనాలు చేశారు. ద పైప్ పేట పిల్లలు తమ వీధిలో ఆడుకొనే చోటు కావాలని చేసిన పోరాటం 1972లోనే టెలివిజన్‌కెక్కింది. పక్కింటి పెద్దావిడ అప్పట్లో ఆ పేటలో కాపురం ఉండేదట.

మరుసటి ఏడు అరబ్బు దేశాలు చమురు ఆపాయి. 1973 నవంబరు 4 నుంచి సుమారు రెండు నెలల పాటు ఆదివారాలు కార్లు రోడ్డెక్కరాదని ప్రభుత్వం ఆదేశించింది. వేగరహదారుల మీద పిల్లలు చక్రాల బూట్లతో తిరిగారు, జనం సైకిళ్ళెక్కారు. తమ ఊళ్ళు కార్లు లేకుండా ఎలా ఉంటాయో ఒక తరం కళ్ళారా చూసింది. 1975లో సైకిలు వాడేవారి సంఘం ఏర్పడింది. ఆ దశకం చివర ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియం మైదానంలో వేలమంది సైకిళ్ళతో సహా నేలమీద పడుకొని నిరసన తెలిపారు. డెల్ఫ్ట్ పట్టణంలో మొదలైన, పిల్లలకూ నడిచేవారికీ ముందు హక్కు ఇచ్చే నివాసవీధుల పద్ధతికి 1976లో చట్టబద్ధత వచ్చింది.

అంతా సాఫీగా సాగిందని అనుకోరాదు. హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ప్రయోగాత్మకంగా ఒక్కొక్క సైకిలు దారి వేస్తే, బేరాలు పోతాయని హేగ్ దుకాణదారులు అడ్డుపడ్డారు. పైగా ఒక్క దారి వేసినంత మాత్రాన కొత్తగా సైకిలెక్కేవారు పెద్దగా పెరగలేదు. ఆ తర్వాత 1980లలో డెల్ఫ్ట్‌లో ఊరంతటా దారులను ఒకదానితో ఒకటి కలిపి వలలా అల్లినప్పుడు గానీ ఫలితం రాలేదు. ఇంటి నుంచి బడి దాకా తెగకుండా ఉండాలి దారి. మధ్యలో వంద గజాలు తెగినా తల్లి పిల్లను పంపదు. ఇంజనీరింగు గ్రంథాలు చదవకపోయినా ఈ ముక్క మా అమ్మకు తెలుసు.

నేటి నెదర్లాండ్స్ జనాభా సుమారు కోటీ ఎనభై లక్షలు. రోడ్ల మీద చనిపోయేవారు ఇటీవలి సంవత్సరాల్లో ఏటా ఏడు వందలకు అటూ ఇటూ ఉంటున్నారు. అది స్వర్గమేమీ కాదు. చనిపోయేవారిలో సైకిలు మీద పోయేవారు ఎక్కువ, వారిలోనూ వృద్ధులు ఎక్కువ. కానీ ఏటా నాలుగు వందల మంది పిల్లలు పోయిన రోజులు మళ్ళీ రాలేదు.

ఇదంతా చదివాక అమ్మాయిని తీసుకొని బడిదారి మొత్తం నెమ్మదిగా తొక్కి చూశాను. ఈసారి మలుపులను చూశాను. ఎర్రతారు వేసిన సైకిలు దారికీ కార్లకూ నడుమ చిన్న గట్టు. కూడలి దగ్గర కారు తప్పనిసరిగా నెమ్మదించేటట్లు ఎత్తు చేసిన రోడ్డు. వీటిలో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు అడిగితే, కొట్లాడితే వచ్చినదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను వెనుక, తాను ముందు వెళ్ళాం. 2019 వసంతంలో బడిలో ట్రాఫిక్ పరీక్ష పెట్టారు. అక్కడ పది, పదకొండేళ్ళ పిల్లలకు ఇది మామూలే. ఒంటిమీద అంకె వేసిన చొక్కా తొడుక్కొని, నిర్ణయించిన దారిలో ఒక్కొక్కరే తొక్కుతూ వెళ్తారు, కూడళ్ళ దగ్గర పెద్దలు నిలబడి మార్కులు వేస్తారు. నేను ఒక మలుపు దగ్గర చెట్టు చాటున నిలబడ్డాను. అమ్మాయి చెయ్యి చాచి, వెనక్కి తిరిగి చూసి, కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇచ్చి, మలుపు తిరిగి కనుమరుగైంది. నన్ను చూడలేదు. ఆ మరునాటి నుంచి బడికి ఒంటరిగానే వెళ్ళింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషం వల్ల కాదు. తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయిన మిత్రుడు గుర్తుకొచ్చాడు. బందరు కూడా పల్లమే. అక్కడ కూడా ఒకప్పుడు నూటికి తొంభై ఇళ్ళలో ఉన్న వాహనం సైకిలే అనిపించేది. అక్కడ కూడా తల్లులు ఏడ్చారు. లేనిదల్లా ఒక్కటే: ఆ చావును మేము తలరాత అన్నాం, లాంగెన్‌హోఫ్ హత్య అన్నాడు. తలరాత అన్నాక చేయవలసినది ఏమీ ఉండదు. హత్య అంటే ఎవరో జవాబు చెప్పాలి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. 2023లో హైదరాబాదు బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభమైంది. సంతోషమే. నావంటి సైకిలు ప్రియుడికి తెల్లవారుజామున నాలుగున్నరకు లేచే బాధ తప్పుతుంది. కానీ ఆ దారి ఏ పిల్లనూ బడికి చేర్చదు.

మిత్రులారా, మీ ఊళ్ళో మీ ఇంటి నుంచి దగ్గరి బడి దాకా ఒకసారి సైకిలు మీద వెళ్ళి చూడండి. దారి ఎక్కడ తెగిందో, మీ పిల్లను ఎక్కడి నుంచి ఒంటరిగా పంపలేరో గుర్తుపెట్టుకోండి. ఈసారి బందరు వెళ్ళినప్పుడు నేనూ అదే పని చేయాలనుకొంటున్నాను, వలందపాలెం నుంచే మొదలుపెట్టి.